శత్రువుకు రాసిన జాబు: మన్యం పోరాట లేఖలు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

యుద్ధకాలపు లేఖ అనగానే రణరంగం నుంచి ఇంటికి చేరే ఉత్తరం గుర్తుకు వస్తుంది. 1922–24 మధ్య విశాఖ, గోదావరి మన్యంలో సాగిన సాయుధ పోరాటానికి నాయకత్వం వహించిన అల్లూరి సీతారామరాజు జాబులు ఈ కోవకు చెందవు. అవి శత్రువును ఉద్దేశించినవి. పోలీసు స్టేషన్ రికార్డు పుస్తకంలో చేసిన సంతకం, దాడికి ముందు పంపిన వర్తమానం, జనస్మృతిలో నిలిచిన మిరపకాయ టపా వీటిలో ప్రధానమైనవి. వీటిని వీరధర్మానికి నిదర్శనాలుగా చదవడం పరిపాటి. ఇవి ప్రధానంగా పరిపాలనాధికారాన్ని ప్రకటించుకున్న రచనలని, తెలుగు లేఖాసాహిత్య చరిత్రలో వీటికి స్థానం ఉండాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లేఖాసాహిత్యం, మన్యం పోరాటం, అల్లూరి సీతారామరాజు, పితూరీ, అర్జీ, మిరపకాయ టపా.

1. ఉపోద్ఘాతం

యుద్ధలేఖల అధ్యయనానికి అమెరికా అంతర్యుద్ధం ప్రపంచానికి ఒక నమూనాను ఇచ్చింది. రోడ్ ఐలండ్ రెండవ స్వచ్ఛంద పదాతిదళంలో మేజరుగా ఉన్న సలివన్ బాలూ 1861 జులై 14న భార్య సారాకు ఒక ఉత్తరం రాశాడు. వారం తర్వాత బుల్ రన్ యుద్ధంలో తీవ్రంగా గాయపడి ఆ నెలాఖరులోనే మరణించాడు. టపాలో వేయని ఆ ఉత్తరం అతని సామానులో దొరికింది. దేశం పట్ల కర్తవ్యానికీ కుటుంబం పట్ల ప్రేమకూ మధ్య నలిగిన మనిషి ఆ ఉత్తరంలో కనిపిస్తాడు. ఇటువంటి లేఖలను చదివేటప్పుడు విమర్శకులు ఆత్మీయతను, నిష్కపటతను, మరణభావనను కొలమానాలుగా తీసుకుంటారు.

ఆ యుద్ధం సాగుతున్న కాలంలోనే, 1862 సెప్టెంబరు 21న, సర్వసిద్ధి రాయవరంలో గురజాడ అప్పారావు జన్మించాడు. నేడు ఎస్. రాయవరంగా వ్యవహరించే ఆ ఊరు అనకాపల్లి జిల్లాలో ఉంది. తెలుగులో లేఖలను సాహిత్యసామగ్రిగా చదివే అలవాటు స్థిరపడటంలో గురజాడ లేఖలకు, దినచర్యలకు ప్రముఖ పాత్ర ఉంది. అదే జిల్లాలో గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేట సీతారామరాజు సమాధి ఉన్న ఊరు. 1922 ఆగస్టులో ఆయన దళం ముట్టడించిన రెండవ పోలీసు స్టేషన్ కూడా అక్కడిదే. ఒకే జిల్లాలోని ఈ రెండు ఊళ్లు రెండు రకాల లేఖలను గుర్తుచేస్తాయి. మొదటిది మిత్రునికి, సహసంస్కర్తకు రాసినది. రెండవది ప్రభుత్వానికి, అంటే ప్రత్యర్థికి రాసినది. మొదటిదానికి సాహిత్యచరిత్రలో చోటు దొరికింది. రెండవది వీరగాథలో ఒక ఘట్టంగా మిగిలింది. ఈ వ్యత్యాసానికి కారణం ఆ లేఖల స్వభావంలో ఉందా, మన పఠనపద్ధతిలో ఉందా అన్నది ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

2. అర్జీ నుంచి పితూరీకి

మన్యం జాబులను అర్థం చేసుకోవాలంటే ఆ ప్రాంతానికీ ప్రభుత్వపు రాతకూ ఉన్న సంబంధాన్ని ముందుగా గమనించాలి. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం ఏజెన్సీ ప్రాంతాలను సాధారణ న్యాయపాలన నుంచి వేరుచేసి ఏజెంటు చేతిలో ఉంచింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు వ్యవసాయంపైనా అటవీ ఉత్పత్తుల సేకరణపైనా ఆంక్షలు పెరిగాయి. తరతరాల అలవాటు ఇలా రాతపూర్వకమైన నేరంగా మారింది. అనుమతిపత్రం, జరిమానా చీటీ, కూలీల పట్టీ వంటి కాగితాల రూపంలోనే గిరిజనునికి ప్రభుత్వం ఎదురయ్యేది. చదవడం రాని సమాజంపై రాత ద్వారా సాగిన పెత్తనమిది.

ఈ పెత్తనానికి రాతతోనే బదులు చెప్పే ప్రయత్నం సీతారామరాజుతో మొదలు కాలేదు. 1886లో గూడెం ప్రాంతంలో రాజన అనంతయ్య నాయకత్వాన రామదండు పేరిట తిరుగుబాటు జరిగింది. ఆంగ్లేయులను వెళ్లగొట్టడానికి సాయం కోరుతూ అనంతయ్య జయపురం మహారాజుకు జాబు రాశాడు. ఆ జాబు తన కన్నా పెద్దవాడైన మిత్రుని కోసం వెదికింది. రాజు జాబులు నేరుగా శత్రువు వాకిట్లోకి వెళ్లాయి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం మన్యం పోరాటాల రాజకీయ పరిణామాన్ని సూచిస్తుంది.

రాజు కూడా ముందు అర్జీ మార్గంలోనే నడిచాడు. రోడ్డు నిర్మాణంలో వెట్టిచాకిరీ చేయించి, కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనులను పీడించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌పై ఆయన పై అధికారులకు ఫిర్యాదు చేశాడు. దానికి తగిన స్పందన రాలేదు. మద్యపానం మానాలని, తగవులను కోర్టులకు తీసుకెళ్లకుండా పంచాయతీల్లోనే తీర్చుకోవాలని ఆయన చేసిన ప్రచారం మాత్రం ప్రభుత్వానికి అనుమానం కలిగించింది. ఫలితంగా ఫిర్యాదు చేసిన వ్యక్తే నిఘా కిందకు వచ్చాడు.

ఈ సందర్భంలో 'పితూరీ' అనే మాట గమనించదగినది. మన్యం తిరుగుబాట్లను ప్రభుత్వ పత్రాలు ఈ మాటతోనే వ్యవహరించాయి. నిత్యవ్యవహారంలో 'పితూరీ చెప్పడం' అంటే ఒకరిపై మరొకరికి ఫిర్యాదు చేయడం. ఒకే పదంలో తిరుగుబాటు, ఫిర్యాదు అనే రెండు అర్థాలు ఇమిడి ఉన్నాయి. మన్యం చరిత్ర ఈ రెండు అర్థాల మధ్య నడిచిన చరిత్రగా కనిపిస్తుంది. అర్జీగా వెళ్లిన పితూరీకి సమాధానం రానప్పుడు అది ఆయుధంతో తిరిగి వచ్చింది. అయితే ఆయుధం పట్టిన తర్వాత కూడా రాత ఆగలేదు. రాసేవాడి హోదా మాత్రం మారింది.

3. చింతపల్లి రికార్డు పుస్తకం: దాడి తర్వాతి రాత

1922 ఆగస్టు 22న దాదాపు 300 మందితో చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి జరిగింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు ముట్టడికి గురయ్యాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను దళం విడిపించింది. మూడు దాడుల్లో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దళానికి చిక్కాయి. ఏయే ఆయుధాలు తీసుకువెళుతున్నదీ చింతపల్లి స్టేషన్ రికార్డు పుస్తకంలో నమోదు చేసి, రాజు దాని కింద సంతకం పెట్టాడు.

ఈ చర్యను సాహసానికి గుర్తుగానే వర్ణించడం కద్దు. రచనగా చూస్తే ఇందులో మూడు అంశాలు తేటపడతాయి. మొదటిది మాధ్యమం. రాజు తన సొంత కాగితంపై రాయలేదు. ప్రభుత్వపు పుస్తకంలో, ప్రభుత్వం అలవాటుగా నింపే పుటపై రాశాడు. నేరాలను నమోదు చేసే పుస్తకంలో నేరస్థుడుగా పేర్కొనబడే వ్యక్తే నమోదుకర్త అయ్యాడు. రెండవది ప్రక్రియ. ఆ రాత ప్రకటన కాదు, నినాదం కాదు, పట్టిక. వస్తువుల పేర్లు, వాటి సంఖ్యలు మాత్రమే ఉండే పట్టికకు ఉద్వేగంతో పనిలేదు. మూడవది సంతకం. దొంగ సంతకం పెట్టడు. సంతకం పెట్టేవాడు లెక్క చెప్పగలిగినవాడు, లెక్క అడిగే అధికారం కూడా తనకుందని నమ్మినవాడు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆ నమోదు ఒక రసీదు అవుతుంది. రసీదు రెండు పక్షాల మధ్య వ్యవహారం ఉంటేనే పుడుతుంది. దోపిడీకి రసీదు ఉండదు. రసీదు ఇచ్చిన క్షణంలో జరిగిన చర్య దోపిడీ అనే పేరును దాటి, ఒక అధికారం నుంచి మరొక అధికారానికి జరిగిన బదిలీగా రూపం పొందుతుంది. ప్రభుత్వ దృష్టిలో మన్యం పోరాటం శాంతిభద్రతల సమస్య. ఆ పుటలోని సంతకం ప్రకారం అది ఇద్దరు సమానుల మధ్య యుద్ధం. వర్ణన గాని వాదన గాని లేకుండా కేవలం రూపం ద్వారా ఇంత అర్థాన్ని సాధించిన రచనలు అరుదు.

4. అడ్డతీగల వర్తమానం: దాడికి ముందటి రాత

ఆగస్టు దాడులు ముందస్తు సమాచారం లేకుండా జరిగినవి. 1922 అక్టోబరు 15న అడ్డతీగల స్టేషన్‌పై జరిగిన దాడి దీనికి భిన్నమైనది. వస్తున్నట్లు రాజు ముందుగా జాబు పంపాడు. చెప్పిన ప్రకారం వచ్చాడు. నాలుగు రోజుల తర్వాత, 19న, దళం రంపచోడవరం స్టేషన్‌ను చేరుకుంది. ఆగస్టు అనుభవం తర్వాత ప్రభుత్వం అప్రమత్తం కావడంతో ఈ రెండుచోట్లా ఆయుధాలు దొరకలేదు.

ముందుగా చెప్పి దాడి చేయడాన్ని ధర్మయుద్ధ సంప్రదాయంగా వివరించడం జనప్రియమైన వ్యాఖ్యానం. ఇది ఆకర్షణీయమైనదే అయినా వాస్తవాలన్నిటికీ అన్వయించదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో రాజు దళం మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కాల్చి చంపింది. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను వెళ్లనిచ్చి, వెనుక వస్తున్న ఆంగ్లేయ అధికారులపైనే గురిపెట్టింది. అక్కడ ముందస్తు జాబు లేదు. గెరిల్లా యుద్ధంలో మాటు రహస్యంగానే ఉండాలి. ముందు చెప్పడం రాజు పాటించిన సార్వత్రిక నియమం అయితే దామనపల్లి దానికి అపవాదం అవుతుంది.

జాబు ఎవరికి వెళ్లిందో గమనిస్తే ఈ వైరుధ్యం తొలగిపోతుంది. అడవిలో గాలిస్తున్న బలగాలకు జాబు వెళ్లలేదు, స్టేషన్‌కు వెళ్లింది. బలగం ఆయుధం మాత్రమే. స్టేషన్ ప్రభుత్వానికి చిరునామా. ఉత్తరానికి చిరునామా కావాలి. మన్యంలో ఆంగ్ల ప్రభుత్వం ఒక ఇంట్లో కూర్చుని, ఒక పుస్తకం పెట్టుకుని, ఒక పేరుతో వ్యవహరించే చోటు పోలీసు స్టేషన్. రాజు ఆ చిరునామాకే రాశాడు. ఒక పాలకుడు మరొక పాలకునికి తన రాకను తెలియజేసే తీరు ఇది. కాబట్టి ఆ జాబును వీరధర్మంగా కంటే దౌత్యంగా చదవడం సమంజసం.

ఆగస్టు, అక్టోబరు రాతల మధ్య ఉన్న క్రమం కూడా విలువైనది. ఆగస్టులో రాత దాడిని అనుసరించింది, అక్టోబరులో దాడికి ముందు నడిచింది. మొదటిది జరిగినదానికి లెక్క. రెండవది జరగబోయేదానిపై హామీ. జరగబోయేదాన్ని చెప్పి జరిపించగలగడం అధికారానికి ముఖ్యలక్షణం. ప్రభుత్వ ఉత్తర్వు భవిష్యత్కాలంలోనే మాట్లాడుతుంది. రెండు నెలల వ్యవధిలో మన్యం జాబు రసీదు స్థాయి నుంచి ఉత్తర్వు స్థాయికి ఎదిగింది. అడ్డతీగలలో తుపాకులు దొరకకపోవడం సైనికంగా లోటు. కానీ జాబులోని మాట నిలిచింది. తుపాకీని దాచగలిగిన ప్రభుత్వం రాజు రాకను ఆపలేకపోయింది. ఈ పోరులో గెలిచింది జాబే.

ప్రభుత్వం వైపు నుంచి కూడా దీనికి ప్రతిలేఖ వచ్చింది. రాజును పట్టిచ్చినవారికి ప్రకటించిన 10,000 రూపాయల బహుమతి ఆ ప్రతిలేఖ. అయితే అది రాజుకు రాసినది కాదు, ప్రజలకు రాసినది. రాజు తన శత్రువును సంబోధించాడు. శత్రువు రాజును సంబోధించడానికి నిరాకరించాడు. సంబోధిస్తే సమానత్వాన్ని అంగీకరించినట్లవుతుంది. ఈ మౌనం కూడా ఆ లేఖావ్యవహారంలో భాగమే.

5. మిరపకాయ టపా: రాతకు వెలుపలి లేఖ

రాజు పంపిన వర్తమానాలను జనం మిరపకాయ టపాగా చెప్పుకుంటారు. జాబును బాణానికి కట్టి, మిరపకాయను జతచేసి పంపేవాడని ప్రతీతి. ఈ కథనంలో మూడు వస్తువులు ఉన్నాయి. కాగితం చదవగలిగినవారి భాష. బాణం, మిరపకాయ చదవడం రానివారికి కూడా అర్థమయ్యే భాష. బాణం ఎక్కడ నుంచి వచ్చిందో చెబుతుంది, మిరపకాయ ఎటువంటి కబురు వచ్చిందో చెబుతుంది.

ఈ సమ్మేళనంలో పోరాటపు సామాజిక నిర్మాణం ప్రతిబింబిస్తుంది. రాజు మైదానప్రాంతంలో చదువుకున్న క్షత్రియుడు. ఆయనతో నడిచిన కొండదొరలు, కోయలు, బగతలు అత్యధికులు అక్షరానికి దూరంగా ఉంచబడినవారు. కాగితం రాజుదైతే బాణం వారిది. టపా అనే మాట ప్రభుత్వ వ్యవస్థ నుంచి వచ్చింది. దానికి మిరపకాయను విశేషణం చేసింది జనం. ప్రభుత్వపు తపాలా నడవని కొండల్లో తమకూ ఒక తపాలా ఉందన్న ధీమా, కొంత వెటకారం ఈ పేరులో వినిపిస్తాయి. ఈ టపాను ఒక్క రాజు ప్రతిభకే పరిమితం చేసి చెప్పినప్పుడు ఆ లేఖకు సహకర్తలైనవారు తెరమరుగవుతారు. వీరారాధన చేసే నష్టాల్లో ఇది ముఖ్యమైనది.

6. రాయనివారి గొంతు

ఆ నష్టం ఎంతటిదో గాం సోదరుల ఉదంతం తెలియజేస్తుంది. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర రాజుకు కుడిఎడమ భుజాల వంటివారు. మల్లుదొర 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. 1924 మే 7న రాజు కొయ్యూరు వద్ద మరణించగా, నెల తర్వాత గంటందొర కూడా నేలకొరిగాడు. ద్వీపాంతర శిక్ష అనుభవించిన మల్లుదొర స్వాతంత్ర్యానంతరం 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఈ పోరాటంలో రాజు మాట రాతగా చలామణి అయింది. గిరిజన వీరుల మాట పోలీసు విచారణలో వాంగ్మూలంగా మారి కాగితం మీదకు వచ్చింది. లేఖలో రాసేవాడే కర్త. వాంగ్మూలంలో ప్రశ్న ఒకరిది, రాసేది మరొకరు, వేలిముద్ర మాత్రం చెప్పినవానిది. ఒకే యుద్ధంలో పాల్గొన్నవారి మాటలు ఇలా రెండు వేర్వేరు ప్రక్రియల్లోకి చేరాయి. ప్రతిఘటనను అణచే గద్యం తిరుగుబాటుదారుని చైతన్యాన్ని ఎలా కప్పిపుచ్చుతుందో రణజిత్ గుహ 1983లో విశ్లేషించాడు. గూడెం, రంప తిరుగుబాట్లపై డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో, మన్యం తిరుగుబాటుపై అట్లూరి మురళి 1984లో ప్రచురించిన అధ్యయనాలు ప్రభుత్వ పత్రాల ఆధారంగానే గిరిజనుల పక్షాన్ని వెలికితీశాయి. చరిత్రకారులు చేసిన ఈ పనిని సాహిత్య పరిశోధకులు వాచకస్థాయిలో కొనసాగించవలసి ఉంది. వాంగ్మూలాన్ని సమాచారం కోసమే కాక, అడిగిన ప్రశ్నకూ చెప్పిన జవాబుకూ మధ్య ఉన్న తేడా కోసం చదవాలి.

మన్యం జాబులకు మరొక విలక్షణత ఉంది. ఇంటికి రాసిన ఉత్తరాన్ని కుటుంబం దాచుకుంటుంది. శత్రువుకు రాసిన జాబును శత్రువు దాచుకుంటాడు, ప్రేమతో కాదు, సాక్ష్యంగా. రాజు రాతకు తొలి పాఠకుడు, తొలి భద్రకుడు కూడా వలస ప్రభుత్వమే. అందువల్ల ఆ జాబు ఇప్పటికీ నేరపత్రాల మధ్యనే కనిపిస్తుంది, కావ్యాల మధ్య కాదు.

7. లేఖాసాహిత్య పరిధి

తెలుగులో లేఖాసాహిత్య విమర్శ ప్రధానంగా గురజాడ లేఖలు, చలం ప్రేమలేఖలు, గోపీచంద్ పోస్టు చేయని ఉత్తరాలు వంటి రచనల చుట్టూ పెరిగింది. ఇవి లేఖ, సృజన, వ్యాసం అనే వేర్వేరు స్వభావాలు కలిగినవైనా, మనసు విప్పడం వీటన్నిటిలో సమానం. అందువల్ల మనసు విప్పడమే లేఖకు లక్షణమన్న భావన స్థిరపడింది. ఆ లక్షణంతో కొలిస్తే చింతపల్లి పుటలోని పట్టిక లేఖ కాదు. అందులో 'నేను' లేదు, ఆవేదన లేదు, శైలి అనదగినదీ లేదు.

కానీ లేఖకు అంతకన్నా మౌలికమైన లక్షణం సంబోధన. ఒకరు మరొకరిని ఉద్దేశించి, కంటికి కనిపించని దూరాన్ని దాటి, ఒక సంబంధాన్ని ఏర్పరచడం లేఖ చేసే పని. ఆ సంబంధం స్నేహమే కానక్కరలేదు. సమానత్వం కోసం జరిగే ఘర్షణ కూడా కావచ్చు. ఈ నిర్వచనాన్ని అంగీకరిస్తే అర్జీలు, మహజర్లు, వర్తమానాలు, రసీదులు లేఖాసాహిత్య పరిధిలోకి వస్తాయి. మిత్రునికి రాయడానికి తీరిక, చదువు కావాలి. ప్రభుత్వానికి రాయడానికి అవసరం ఉంటే చాలు, ఒకరి చేత రాయించుకోవచ్చు. ఆ పరిధిని విస్తరిస్తే అక్షరం లేని సమాజాలు కూడా లేఖాకర్తలుగా సాహిత్యచరిత్రలోకి ప్రవేశిస్తాయి.

ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ 1910లో దేశభక్తి గేయంలో దేశాన్ని నేలతో కాక జనంతో నిర్వచించాడు. ఆ నిర్వచనంలోని జనంలో మన్యం జనం కూడా ఉన్నారా అన్న ప్రశ్నకు పన్నెండేళ్ల తర్వాత చింతపల్లిలో సమాధానం నమోదైంది. గురజాడ వ్యావహికానికి సాహిత్యగౌరవం కోసం పోరాడాడు. అదే న్యాయాన్ని వ్యవహార పత్రాలకు విస్తరించడం ఆయన ఆశయానికి కొనసాగింపే అవుతుంది.

8. ముగింపు

రాజు తుదిఘట్టం చుట్టూ ఒక కథనం ప్రచారంలో ఉంది. గిరిజనులు తన కోసం పడుతున్న బాధలు చూడలేక, తానున్న చోటు అధికారులకు తెలియజేయమని ఆయనే మంప మునసబు ద్వారా కబురు పంపాడని ఆ కథనం చెబుతుంది. దీని చారిత్రకత ఎట్లున్నా, జనం ఆయన జీవితాన్ని ఒక కబురుతోనే ముగించడం అర్థవంతమైనది. అర్జీతో మొదలై, రసీదుగా, వర్తమానంగా మారిన రాత చివరకు జనస్మృతిలో ఆఖరి జాబుగా నిలిచింది.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, మన్యం జాబులు వీరధర్మ ప్రదర్శన కంటే ముందు అధికార ప్రకటనలు. రెండు, ఆగస్టు నుంచి అక్టోబరు నాటికి అవి దాడి తర్వాతి లెక్క నుంచి దాడికి ముందటి హామీగా పరిణమించాయి. మూడు, మిరపకాయ టపా రాజుకూ గిరిజన సమాజానికీ ఉమ్మడి సృష్టి. నాలుగు, మనసు విప్పడం కాక సంబోధన లక్షణంగా తీసుకున్నప్పుడే ఇటువంటి రచనలకు లేఖాసాహిత్యంలో చోటు లభిస్తుంది. ఏజెన్సీ పత్రాల్లోని అర్జీలను, వాంగ్మూలాలను ఈ దృష్టితో చదివితే, పేరు తెలిసిన ఒక్క సంతకం వెనుక వేలిముద్రలుగా మిగిలిన ఎందరో లేఖాకర్తలు తెలుగు సాహిత్యానికి దక్కుతారు.